పెరటి యాకులును రాచపుండును



మన పోపులపెట్టెయే మన పెద్దల మందులపెట్టె. జలుబునకు మిరియాలు, దగ్గునకు తులసి, అజీర్ణమునకు వాము, కత్తిపీటకు తెగిన వ్రేలికి పసుపు. ఈ వైద్యమును మన కెవరును బడిలో నేర్పలేదు. అమ్మమ్మ కొంగు పట్టుకొని తిరుగుచు, అత్తగారి ప్రక్కను నిలిచి చూచుచు నేర్చుకొంటిమి. చిన్న బాధలకు ఈ వైద్యము నేటికిని చాలును. అయినను ఇటీవల మనవారు ఈ పెట్టెపై మోపుచున్న బరువు దాని శక్తికి మించినదిగా నున్నది. ఆ సంగతియే ఈ నెల వ్రాయ నెంచితిని.

కల్లూరిలో మా వీధిని మధ్యాహ్నము పనులు తీరిన పిమ్మట నలుగురు స్త్రీలము ఒక యరుగుపై చేరుట వాడుక. ఒకరు చింతపండు గింజ తీయుదురు, ఒకరు పుంటికూర వలుతురు, కబుర్లు సాగుచుండును. ఒకనాడు పొరుగింటి చిన్నకోడలు తన చేతి ఫోనులో వచ్చిన వార్త నొకదానిని బిగ్గరగా చదివి వినిపించెను. కొత్తిమీర, పుదీన, కరివేపాకు పసుపుతో కలిపి నూరి పరగడుపున త్రాగినచో కాన్సరు కణములు నశించునని శాస్త్రజ్ఞులు కనుగొనిరని ఆ వార్త సారాంశము. "చూచితిరా, మన పెరటిలోనే మందు పెట్టుకొని మనము ఊరూర తిరుగుచున్నాము!" అని అందరును సంతోషించిరి. వరుసకు నాకు మరదలైన యొకామె మాత్రము పలుకలేదు. అందరును లేచిపోయిన తరువాత ఆమె నా చేయి పట్టుకొని మెల్లగా నిట్లనెను: "వదినా, నాకు రొమ్ములో గడ్డ యున్నది. ఆరు నెలలాయెను. నొప్పి లేదు. రాత్రి పసుపు, వేపాకు నూరి పట్టు వేసుకొనుచున్నాను. ప్రొద్దున ఆకురసము త్రాగుచున్నాను. ఇంటిలో ఎవరికిని చెప్పలేదు. తగ్గునా?"

తగ్గదని చెప్పుట కొక్క మాట చాలును. కాని ఆ వార్త పూర్తిగా అబద్ధమైనచో దానిని త్రోసివేయుట సులభము. అందు సగము నిజ మున్నది. సగము నిజమైన మాట మనుష్యుని ఎక్కువ దూరము మోసగించును. కావున ఆ సగ మెంతవరకో, ఎక్కడ ఆగిపోవునో తెలిసికొందము.

మన శరీరము కంటి కగపడని కోట్లకొలది కణములతో కట్టబడినది. ప్రతి కణమునకును ఒక కట్టుబాటు కలదు: అవసరమైనప్పుడే రెండుగా చీలి పెరుగుట, ముదిరినప్పుడు గాని చెడినప్పుడు గాని తనంతట తానే నశించుట. గాయము మానువరకు చర్మపు కణములు పెరిగి, మానిన వెంటనే నిలిచిపోవుట ఈ కట్టుబాటు వలననే. పొగాకు వలన గాని, కొన్ని సూక్ష్మజీవుల వలన గాని, వయస్సు వలన గాని, ఒక్కొక్కప్పుడు కారణమే తెలియకుండ గాని కణములోని ఆజ్ఞాపత్రము చెడినప్పుడు అది ఈ రెండు నియమములను మరచును. చీలుట మానదు, చచ్చుట ఎరుగదు. వేరుసెనగ చేనిలో కలుపు ప్రబలినట్లు అది ఇరుగుపొరుగు కణముల ఆహారమును తాను తిని, రక్తమార్గమున దూరపు అవయవములకును ప్రాకును. దీనినే మన పెద్దలు రాచపుండనియు రాచకురుపనియు పిలిచిరి. నేడు కాన్సరనుచున్నాము.

శాస్త్రజ్ఞులు రోగి గడ్డనుండి తీసిన యిట్టి కణములను గాజుపాత్రలలో, పోషక ద్రవములో పెంచుదురు. ఆ పాత్రలో ఒక యాకు సారమును గాని, అందుండి వేరుపరచిన ద్రవ్యమును గాని బొట్లు బొట్లుగా వేసి, కణము లేమగునో సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. పసుపునకు పచ్చని రంగు నిచ్చు కర్క్యుమిను అను ద్రవ్యము, కరివేపాకులోని మహానిను మొదలగు ద్రవ్యములు ఇట్టి పరీక్షలలో కాన్సరు కణముల చీలికను నిలిపినవి. కొన్ని కణములు మరచిన మరణమును మరల జ్ఞప్తికి తెచ్చుకొన్నట్లు తమంతట తామే నశించినవి. వార్తలోని సగము నిజము ఇదియే.

మిగిలిన సగ మెక్కడ నున్నది? గాజుపాత్రలో ఉప్పు నెక్కువ పోసినను కణము చచ్చును. సబ్బునీరు పోసినను చచ్చును. అంతమాత్రమున ఉప్పును సబ్బును కాన్సరునకు మందులు కావు. మందు కావలెనన్న మూడు పరీక్షలలో నెగ్గవలయును. చెడ్డ కణమును చంపి మంచి కణమును విడువవలయును. నోటినుండి గడ్డవరకు చెడకుండ, చాలినంతగా చేరవలయును. పాత్రలో కాక మనుష్యులయందు, మందు పుచ్చుకొన్నవారిని పుచ్చుకొననివారితో పోల్చి చూచినపుడు మేలు కనబడవలయును.

పసుపును ఈ పరీక్షలకు నిలిపి చూతము. మన కడప, మైదుకూరు ప్రాంతములలో పండు పంట గనుక మన కది చుట్టమే. నూరు పాళ్ళ పసుపులో కర్క్యుమిను ఇంచుమించు మూడు పాళ్ళు మాత్రమే యుండును. అది నీటిలో కరగదు. కడుపులోనికి పోయిన దానిలో మిక్కిలి కొద్దిగా మాత్రమే ప్రేగులు లోనికి గ్రహించును. ఆ కొద్దిని గూడ కాలేయము వెంటనే రూపు మార్చి వెలుపలికి పంపివేయును. తైవానులో 2001వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక పరిశోధనలో రోగులకు దినమునకు 8 గ్రాముల శుద్ధమైన కర్క్యుమిను నిచ్చి రక్తమును పరీక్షించిరి. గాజుపాత్రలో కణములను నిలుపుటకు సాధారణముగా కావలసినంత బలము రక్తములో కనబడలేదు. 8 గ్రాముల కర్క్యుమిను పసుపురూపమున తినవలెనన్న పావుకిలోకు మించిన పసుపు కావలెను! ఉగ్గానిలో మనము వేయు చిటికెడు పసుపెక్కడ, ఇదెక్కడ?

అమెరికాలో క్లోమగ్రంథి కాన్సరు గల 25 మందికి ఇట్లే దినమున కెనిమిది గ్రాములు చొప్పున నిచ్చి 2008లో ఫలితములను ప్రకటించిరి. ఇద్దరియందు మాత్రమే కొంత గుణము కనబడెను. అందొకరికి గడ్డ తగ్గినను ఆ తగ్గుట స్వల్పకాలమే నిలిచెను. 2017వ సంవత్సరమున రసాయన శాస్త్రజ్ఞులు కొందరు అంతవరకు కర్క్యుమినుపై జరిగిన పరిశోధనల నన్నిటిని కూర్చి పరిశీలించిరి. ఈ ద్రవ్యము నిలుకడ లేనిదనియు, పరీక్షల నే తప్పుదారి పట్టించు స్వభావము గలదనియు, కట్టుదిట్టముగా జరిపిన ఏ పరీక్షయందును నెగ్గలేదనియు వారు తేల్చిరి.

"మిరియముతో కలిపిన బాగుగ పనిచేయునట కదా!" అని మీలో కొంద రడుగవచ్చును. బెంగుళూరి వైద్యులు 1998లో మిరియములోని పైపరిను అను ద్రవ్యమును చేర్చి యిచ్చినపుడు రక్తములో కర్క్యుమిను ఇరువది రెట్లు పెరిగినది నిజమే. కాని మొదటిదే మిక్కిలి కొంచెము గనుక ఇరువది రెట్లైనను గడ్డను కరిగించునంత కాదు. పైగా ఈ రెంటిని దట్టించిన మాత్రలు అంగళ్ళలోనికి వచ్చిన తరువాత క్రొత్త చిక్కు పుట్టినది. పసుపు మాత్రలు మ్రింగి కాలేయము చెడిన 10 మంది వృత్తాంతములను అమెరికా వైద్యులు 2022లో ప్రకటించిరి. వారిలో ఒకరు మరణించిరి. కూరలోని పసుపునకును చారులోని మిరియమునకును భయపడ నక్కరలేదు. భయపడవలసినది సీసాలలోని మాత్రలకు.

ఇట్లన్నంతమాత్రమున పసుపు వట్టి రంగని నా యభిప్రాయము కాదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయమున శ్రద్ధగా పనిచేసినది. 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ యిది. అక్కడి శాస్త్రజ్ఞురాండ్రగు కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి మొదలగువారు బహుకాలముగా పొగ త్రాగు 16 మందికి దినమునకు ఒకటిన్నర గ్రాము చొప్పున, 30 దినములు పసుపు నిచ్చి, వారి మూత్రమును పరీక్షించిరి. కణములోని ఆజ్ఞాపత్రమును చెరుపు ద్రవ్యముల జాడ ఆ మూత్రములో గణనీయముగా తగ్గినదని 1992లో ప్రకటించిరి. ఒకటిన్నర గ్రాము మన వంటలో ఇమిడెడి కొలతయే. ఇది సంతోషింపదగిన విషయము. కాని దీని యర్థమును ఉన్నంతవరకే గ్రహింపవలయును. హాని చేయు ద్రవ్యముల జాడ తగ్గినదని తెలిసినదే కాని, వచ్చిన కాన్సరు పోయినదని కాదు. పొగ మానినచో ఆ ద్రవ్యములు లోనికే రావు కదా! శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటిలో రాచపుండు పుట్టుచున్నది. వారికి పసుపు పెట్టుట కంటె చుట్ట మాన్పుట వేయిరెట్లు మేలు.

ఇక ఆకులు. ఆకునుండి మందు రాలేదా యన్న, వచ్చినది. ఆ కథలో మన తెలుగువా డొకడున్నాడు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీరు వినియుందురు. 1941లో అమెరికాలోని టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఒక సత్తువను వేరుపరచి, లాటిను భాషలో ఆకున కున్న పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. రక్తము పుట్టుటకును, గర్భములోని శిశువు పెరుగుటకును కావలసినది యిదియే. గర్భిణులకు నేడు వైద్యు లిచ్చు మాత్ర యిదియే. సుబ్బారావుగారు నాయకత్వము వహించిన లెడర్లీ సంస్థ పరిశోధకులు 1945 నాటికి దానిని కృత్రిమముగా తయారుచేసిరి.

బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు కాన్సరుతో తీసికొను పిల్లలకు ఈ ఆకుసత్తువను పోలిన ద్రవ్యముల నిచ్చి చూచెను. రోగము తగ్గుటకు మారుగా పెరిగినట్లు ఆయనకు తోచెను. ఆలోచింపుడు! ఆకులోని సత్తువ మంచిదే. కాని ఇంటిలో దొంగ దూరియున్నపుడు వండిన అన్నము ఇంటివారికే గాక దొంగకును బలము నిచ్చును. అప్పుడు సుబ్బారావుగారి బృందము చూచుటకు ఫోలిక్ ఆమ్లమువలెనే యుండి, లోపల కొంచెము మారిన అమినోప్టెరిను అను ద్రవ్యమును తయారుచేసి పంపెను. కణము దానిని ఆహారమనుకొని పట్టుకొనును, చీలలేక నిలిచిపోవును. 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలము రోగము తగ్గినదని ఫార్బరు 1948 జూనులో ప్రకటించెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు మరణించిరి. ఆ కుదురునుండియే పుట్టిన మెథోట్రెక్సేటు అను మందుతో, మావి కణములనుండి స్త్రీలకు పుట్టు ఘోరమైన కాన్సరును 1956లో అమెరికా వైద్యులు నయము చేయగలిగిరి. నేటికిని అది వాడుకలో నున్నది. ఆకులోని సత్తువ స్వయముగా మందు కాలేదు. దాని గుట్టు తెలిసికొని మనుష్యుని బుద్ధి దానికి చేసిన మార్పు మందయ్యెను.

మన వాకిళ్ళలో పూయు బిళ్ళగన్నేరు రెండవ కథ. మధుమేహమునకు దాని యాకు కషాయము మంచిదని జమైకా ద్వీపమున ప్రజలు నమ్ముచుండగా, ఆ యాకును కెనడా దేశమునకు తెప్పించి పరీక్షించిరి. మధుమేహము తగ్గలేదు గాని, ఎలుకల రక్తములోని తెల్లకణములు పడిపోయినవి. ఈ వింతను వెంబడించి నోబులు, బీరు అను శాస్త్రజ్ఞులు 1958లో విన్‌బ్లాస్టిను అను ద్రవ్యమును ప్రకటించిరి. తరువాత వచ్చిన విన్‌క్రిస్టిను పిల్లల రక్తపు కాన్సరులో ప్రాణదాత యయ్యెను. కాని టన్నుల కొలది ఎండుటాకునుండి వచ్చునది గ్రాముల లెక్క. దానిని తూకము వేసి, నరములో నెక్కించి, రక్తపరీక్షలు చేయుచు వాడుదురు. పొరపాటున మోతాదు మించిన ప్రాణాపాయము. ఆ ఆకును నమలరాదు, కషాయము కాచరాదు. మొక్క పేరు విని మొక్కనే మ్రింగుట, నిప్పు వంటకు మంచిదని కొంగున కట్టుకొనుట వంటిది.

ఇప్పుడు మన వంటయింటికి మరలి వత్తము. కొత్తిమీర, కరివేపాకు, పుదీన, మెంతికూర, పుంటికూర నిత్యము తినుడు, పిల్లలకును పెట్టుడు. ఎండలు మండు మన సీమలో ఆకుకూర దొరకుట కష్టమైన నెలలలో సయితము మడి గట్టున నాలుగు మొక్కలు పెంచుకొనుడు. సంగటితో ఆకుకూర తినుట దేహమునకు బలము, రక్తవృద్ధి. అది భోజనము. భోజనమును భోజనముగానే గౌరవింపుడు, దానిచే వైద్యుని పని చేయింపకుడు. పసుపు కొనునపుడు కొమ్ములు కొని ఇంటనే పొడి కొట్టించుకొనుట మేలు. మిక్కిలి మెరుగైన రంగు కొరకు సీసము గల విషపు రంగును కలుపు వర్తకులు లేకపోలేదు. కాన్సరు చికిత్స పొందుచున్నవారు పచ్చి ఆకురసములు, మాత్రలు, లేహ్యములు వైద్యునితో చెప్పక పుచ్చుకొనరాదు. ఆ సమయమున రోగనిరోధక శక్తి తగ్గియుండును గనుక సరిగా కడుగని పచ్చియాకు వలన జ్వరము, విరేచనములు కలుగవచ్చును. చక్కగా కడిగి ఉడికించిన కూర తినవచ్చును.

సిగ్గు విడిచి మరి కొన్ని మాటలు చెప్పెదను. రొమ్ములో గడ్డ చేతికి తగిలినను, చర్మము లోనికి గుంజుకొన్నను, చనుమొన లోనికి పోయినను, అందుండి రక్తము స్రవించినను. ముట్టు ఆగిన తరువాత మరల రక్తము కనబడినను, సంసారానంతరము రక్తము కనబడినను, దుర్వాసన గల తెల్లబట్ట విడువకున్నను. నోటిలో పుండు మూడు వారములకు మానకున్నను ఆలస్యము చేయక వైద్యురాలిని చూడవలయును. నొప్పి లేదని ధైర్యపడకుడు. మొదట నొప్పి లేకుండుటయే ఈ వ్యాధి మాయ. గడ్డలన్నియు కాన్సరు కావు, పెక్కు గడ్డలు నిరపాయకరములే. ఏది యేదియో తేల్చవలసినది పరీక్షయే గాని పట్టు కాదు. ముప్పది సంవత్సరములు దాటిన స్త్రీలకు రొమ్ము, గర్భకోశద్వారము, నోరు పరీక్షించు ఏర్పాటు ప్రభుత్వ వైద్యశాలలలో నున్నది. గర్భకోశద్వారపు కాన్సరును కలిగించు సూక్ష్మజీవిని అడ్డగించు టీకా కూడ నున్నది. తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల లోపల ఆడపిల్లలకు వేయించుట మంచిది.

నా మరదలి సంగతి మీరు తెలిసికొనగోరుదురు. ఆ రాత్రియే ఆమె భర్తతో నేనే మాటాడితిని. ఆయన కోపపడలేదు. "నాతో చెప్పకపోతివే!" అని మాత్రము కన్నీరు పెట్టుకొనెను. మరునాడు మువ్వురమును హంద్రి వంతెన దాటి కర్నూలు పెద్దాసుపత్రికి పోతిమి. సూదితో పరీక్షించిరి. రాచపుండే యని తేలినది. ఆరు నెలల క్రింద వచ్చియున్నచో గడ్డ చిన్నదిగా నుండెడిదని వైద్యురాలు మెల్లగా ననిరి. ఆమెను నిందింపలేదు, మేమును నిందింపలేదు. శస్త్రచికిత్స జరిగినది. మందులు నరములో నెక్కించుచున్నారు. జుట్టు రాలినది. చికిత్స ఇంకను సాగుచున్నది గనుక ముగింపు చెప్పుటకు నాకు అధికారము లేదు.

ఒకనాడు ఆమె ప్రక్కను కూర్చుండి, బొట్టు బొట్టుగా దిగుచున్న మందును చూచుచు, అది దేనితో చేసినదని నర్సమ్మ నడిగితిని. పాక్లిటాక్సెలని పేరు చెప్పెను. అమెరికా అడవులలో పెరుగు యూ యను చెట్టు బెరడునుండి మొదట తీసిన ద్రవ్య మది. 1971లో దాని నిర్మాణమును వెల్లడించినవారిలో మన దేశమున పుట్టిన మనసుఖ్ వాణి యొకరు. ఆ మాట చెప్పగానే మరదలు చాల దినములకు నవ్వి, "అయితే వదినా, చెట్టు మందే నాకు పనిచేయుచున్నది కాబోలు!" అనెను.

అవునమ్మా, చెట్టు మందే. కాని రోటిలో నూరినది కాదు. ఎందరో ఏండ్ల తరబడి పరీక్షించి, తూచి, మనుష్యులపై ఋజువు చేసి సీసాలో నింపినది. కనుక సోదరీమణులారా, ఆకును విస్తరిలో వడ్డింపుడు, గడ్డను వైద్యురాలికి చూపుడు. ఈ రెండు పనులను తారుమారు చేయకుడు. ఈ పత్రిక చదువలేని పొరుగింటి అక్కకు ఈ నాలుగు మాటలు నేడే చదివి వినిపింపుడు. ఆమె కూడ ఎవరికిని చెప్పక, రాత్రులందు పట్టు వేసికొనుచున్నదేమో!